కోరాపుట్ చలిలో గది వెచ్చగా, కరెంటు బిల్లు తక్కువగా: ఎలా చేయాలి

కార్తీకం వెళ్ళేసరికి సాలూరు ఘాటీకి పైనున్న ఊళ్ళలో రాత్రులు మారిపోతాయి. ఒడిశా వైపు పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ, దామన్‌జోడి, కోరాపుట్ అంతా ఎత్తు ప్రదేశం. కోరాపుట్ ఊరే సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల పైన ఉంది. చలికాలంలో మబ్బుండదు, గాలి నిలిచిపోతుంది, పగలు నేల తాగిన వేడంతా పొద్దుగూకగానే ఆకాశంలోకి పోతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజాముకి పది డిగ్రీల లోపుకు దిగడం ఇక్కడ మామూలే. ఇళ్ళు మాత్రం కింద మైదానంలో కట్టినట్టే కట్టుకున్నాం. వేసవిలో గాలాడాలని ఎత్తు కప్పు, గోడకు రెండేసి వెంటిలేటర్లు, వాన ఆగితే చాలని పైన సిమెంటు రేకులు. అలాంటి గదిలో 2000 వాట్ల హీటరు పెడితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

కాబట్టి పని ఈ వరుసలో చేయండి. ముందు వేడి పోయే దారులు మూయాలి. తర్వాత ఊరికే వచ్చే ఎండను లోపలికి రానివ్వాలి. ఆ తర్వాత పడుకునే పక్కను వెచ్చబెట్టుకోవాలి. హీటరు సంగతి చివర్న. చాలామంది ఈ వరుసను తిరగేసి హీటరుతో మొదలుపెడతారు, అందుకే జనవరి బిల్లు చూసి గుండె పట్టుకుంటారు.

ముందు మీటరు చూడండి

రాత్రి తొమ్మిదింటికి మీటరు దగ్గర నిలబడి కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని చూపించే అంకె రాసుకోండి. పొద్దున్న ఆరింటికి మళ్ళీ రాసుకోండి. రెండు రాత్రులు హీటరు వేసి, రెండు రాత్రులు వేయకుండా ఇలా చేస్తే, హీటరు ఒక్కటే ఎన్ని యూనిట్లు తాగుతోందో మీకే తెలుస్తుంది.

కాగితం మీద లెక్క ఇది: 2000 వాట్లు గంట నడిస్తే 2 యూనిట్లు. రోజుకి నాలుగు గంటలంటే 8, నెలకి 240. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే 1,440 రూపాయలు. ఆరు అన్నది లెక్క కోసమే, మీ బిల్లులో ఉన్న రేటు పెట్టుకోండి. ఇంకో సంగతి. ఒడిశాలో ఇంటి కనెక్షనుకు 50, 200, 400 యూనిట్ల దగ్గర రేటు శ్లాబు మారుతుంది. హీటరు యూనిట్లు మీ మామూలు వాడకం మీద వచ్చి పడతాయి కాబట్టి వాటికి ఎప్పుడూ పై శ్లాబు రేటే పడుతుంది. చలికాలంలో తగ్గించిన ప్రతి యూనిట్టూ ఖరీదైన యూనిట్టే అన్నమాట.

కప్పు: సగం డబ్బు ఇక్కడే పోతోంది

పదడుగులు, పన్నెండడుగుల గది తీసుకోండి. బయట 8 డిగ్రీలు, లోపల 20 ఉండాలనుకుందాం. అంటే తేడా 12. పైన ఒంటి సిమెంటు రేకు ఉంటే ఆ కప్పు గుండా పోయే వేడి సుమారు 800 వాట్లు. కాంక్రీటు శ్లాబైతే 450 చిల్లర. అంటే రేకులింట్లో వెయ్యి వాట్ల హీటరు పెట్టుకుంటే అందులో ముప్పాతిక వంతు పైగా రాత్రంతా కప్పును వెచ్చబెడుతోంది, మిమ్మల్ని కాదు.

పాత పెంకుటిళ్ళలో కప్పు కింద గుడ్డతో చాందినీ కట్టేవారు గుర్తుందా? దుమ్ము రాలకుండా కట్టుకున్నది చలికీ పనికొచ్చేది. ఇప్పుడూ అదే చేయండి, కాస్త గట్టిగా.

120 చదరపు అడుగుల గదికి కావలసినవి: అంతే కొలతకు వెదురు తడికలు, వాటిమీద పరవడానికి మందపాటి పాత దుప్పట్లు లేదా ఉతికి ఎండబెట్టిన గోనె పట్టాలు, 12 గేజీ జీఐ తీగ, గోడకు కొట్టే కొక్కేలు 14 నుంచి 16.

మొదట రేకు అడుగు అంచుకు జానెడు కిందగా నాలుగు గోడల చుట్టూ దారం పట్టి గీత గీయండి. పొడుగు గోడల్లో రెండడుగులకొక కొక్కెం బిగించి, ఎదురు గోడ కొక్కేనికి తీగ లాగి కట్టండి. తీగ సాగితే మధ్యలో పొట్ట వేలాడుతుంది, అందుకని ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు చుట్టాలి. తీగల మీద తడికలు అంచు మీద అంచు నాలుగు వేళ్ళు ఎక్కేలా పరచండి. తడికల మీద దుప్పటి గానీ గోనె గానీ పరిచి, గోడ దగ్గర సందు లేకుండా అంచులు కిందికి మడవండి. కప్పుకీ తడికకీ మధ్య నిలిచిపోయిన గాలే ఇక్కడ అసలు పని చేసేది, గుడ్డ కాదు. సరిగ్గా కడితే కప్పు గుండా పోయే వేడి సగానికి దగ్గరగా తగ్గుతుంది.

ఇక్కడ చెడిపోయేవి నాలుగు, ముందే తెలుసుకోండి.

మొదటిది, రేకు వంపుల కింద, గోడ నెత్తిన ఉండే సందులు. వాటిలోంచి గాలి దూసుకుపోతుంటే చాందినీ పైన గాలి నిలవదు, మీ శ్రమంతా వృథా. ఆ సందుల్ని సిమెంటు, ఇసుక 1:6 మాలుతో పూడ్చండి. పూర్తిగా మాత్రం బిగించేయొద్దు, రెండు చివరలా పిడికిలంత సందు ఒక్కొక్కటి వదలండి. ఎందుకంటే మన ఊపిరిలోని తేమ తెల్లవారుజామున చల్లటి రేకుకు తగిలి నీటిబొట్లవుతుంది. ఆ తేమ పోయే దారి లేకపోతే గుడ్డ తడిసి, నల్లగా బూజు పడుతుంది. ఆ గదిలో తడిబట్టలు ఆరేయకండి.

రెండోది, పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. దానికి డ్రిల్లు పెట్టొద్దు, కోయొద్దు, గీకొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కొక్కేలన్నీ గోడకో, దూలానికో మాత్రమే బిగించండి.

మూడోది, థర్మోకోల్ షీట్లు. చవగ్గా వస్తాయి, చలికి నిజంగానే బాగా పని చేస్తాయి. కానీ ఒక్క నిప్పురవ్వ చాలు, కరిగి మంటతో కిందికి కారతాయి, విషపు పొగ కక్కుతాయి. పడకగది కప్పుకు వాడొద్దు.

నాలుగోది, బల్బు హోల్డరు. గుడ్డకూ దానికీ కనీసం మూడడుగుల దూరం ఉంచండి. కట్టెపొయ్యి ఉన్న గదిలో అసలు చాందినీ కట్టొద్దు.

శ్లాబు ఇల్లయితే ఈ తంతు అంత అవసరం లేదు. పడుకునే గది మార్చుకుంటే చాలు. పడమటి గోడకు మధ్యాహ్నం ఎండ బాగా తగులుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఆ వేడిని ఆరేడు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది, అంటే సరిగ్గా మీరు పడుకునే వేళకి. చలికాలం మూడు నెలలూ మంచాలు ఆ గదికి మార్చండి. ఒక మాట: వేసవికని డాబా మీద తెల్ల సున్నం కొట్టించే అలవాటు ఉంటే, అది ఫిబ్రవరి చివర్న కొట్టించండి. దసరాకి కొట్టిస్తే చలికాలపు ఎండనంతా అది వెనక్కి కొడుతుంది.

తలుపులు, కిటికీలు

రాత్రి ఫ్యాను ఆపి, అగరొత్తి వెలిగించి, తలుపు అంచుల వెంట, కిటికీ రెక్కల మధ్య, స్విచ్చిబోర్డు పైపు బయటికి పోయే చోట నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే సందు లేదు. పొగ పడిపోయినా, పక్కకు లాగినట్టయినా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

అన్నిటికంటే పెద్దది గడప దగ్గర సందు. మూడడుగుల తలుపు కింద వేలు మందం సందంటే, గోడకు దాదాపు నాలుగంగుళాల చదరపు కంత పెట్టినంత పని. దానికి దిండు కుట్టుకోండి. పాత నేత చీర గానీ జీన్స్ ప్యాంటు కాలు గానీ తీసుకుని 38 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గుడ్డ కోయండి. పొడుగ్గా మడిచి ఒక పక్క, ఒక చివర రెండు వరుసల కుట్టు వేయండి. రెండు వంతులు పొడి ఇసుక, ఒక వంతు వరి ఊక కలిపి ముప్పాతిక వంతే నింపి మూతి కుట్టేయండి. నిండా కూరితే కర్రలా బిగిసిపోయి గడప ఎగుడుదిగుళ్ళకు అతుక్కోదు. ఒట్టి ఊకైతే తలుపు తీసినప్పుడల్లా జరిగిపోతుంది. ఇసుకను ముందు పెనం మీద వేయించి చల్లార్చి పోయండి, లేకపోతే చెమ్మ పట్టి వారానికే ముక్కవాసన వస్తుంది.

రెండు రెక్కల తలుపైతే రెక్కల మధ్య సందు మీద పడేలా ఒక రెక్కకు అంగుళంన్నర వెడల్పు చెక్కపట్టీ మేకులతో కొట్టించండి. ద్వారబంధానికి చుట్టూ హార్డువేరు కొట్లో దొరికే అంటుకునే స్పాంజి పట్టీ వేయండి. అంటించేముందు చెక్కను పొడిగుడ్డతో దుమ్ము పోయేదాకా తుడవాలి, లేదంటే పదిరోజుల్లో ఊడి చేతికొస్తుంది. పట్టీ మరీ మందమైతే గొళ్ళెం పడదు, కాబట్టి ముందు ఒక జానెడు ముక్క అంటించి తలుపు వేసి చూసుకోండి.

కిటికీ అద్దాలకు పార్శిళ్ళలో వచ్చే బుడగల ప్లాస్టిక్కు పనికొస్తుంది. అద్దం మీద నీళ్ళు చిలకరించి, బుడగలు అద్దం వైపు ఉండేలా అద్దితే దానంతటదే అంటుకుంటుంది. అద్దం గుండా పోయే వేడి మూడోవంతు దాకా తగ్గుతుంది.

వెంటిలేటర్లకు అట్టముక్క కోసి బిగించండి. కానీ అన్నీ కాదు, ఒకటి తెరిచే ఉంచండి. దీనికి కారణం కిందనే ఉంది.

కుంపటి గురించి గట్టిగా చెప్పాల్సిన మాట

సందులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. పొగ లేదు కదా అనుకుంటారు. ప్రాణం తీసేది పొగ కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. బొగ్గు ఎర్రగా, పొగ లేకుండా కణకణలాడుతున్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత లేవాలన్నా కాళ్ళు కదలవు. నిద్రలో ఉన్నవాళ్ళకు ఇవేవీ తెలియవు.

కుంపటి కావాలంటే వరండాలోనో, వాకిట్లోనో అందరూ చుట్టూ కూర్చుని కాచుకోండి. గదిలోకి తెస్తే తలుపు ఓరగా, కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. పడుకునేముందు కుంపటిని ఇంటి బయట పెట్టాలి, వసారాలో కూడా కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే చలిజ్వరమనుకోవద్దు. అందర్నీ బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోను చేయండి. స్నానాలగదిలో పెట్టే గ్యాసు గీజరుకీ ఇదే ప్రమాదం ఉంది. దాని పొగగొట్టం బయటికి లేకపోయినా, గదికి తెరిచి ఉండే కిటికీ లేకపోయినా దాన్ని అక్కడ నడపొద్దు.

ఎండను లోపలికి తెచ్చుకోండి

డిసెంబరులో మిట్టమధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు కిటికీ పైభాగం ఏడడుగుల ఎత్తున ఉంటే ఎండ ఆరడుగుల దాకా గదిలోకి వస్తుంది. సజ్జ ఉంటే ఆమేరకు తగ్గుతుంది. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా దక్షిణపు తెరలు పూర్తిగా తీయండి. ఎండ పడేచోట చాపలు, తివాచీలు ఎత్తేయండి, గచ్చు వేడెక్కాలి. నాలుగింటికల్లా కిటికీలు మూసి మందపాటి తెరలు వేయండి. చాలా ఇళ్ళలో దీపాలు పెట్టే వేళ దాకా కిటికీలు తెరిచే ఉంటాయి, పగలంతా గది కూడబెట్టిన వేడి ఆ గంటన్నరలోనే పోతుంది. పరుపులు, బొంతలు మధ్యాహ్నం డాబామీద ఎండేసి, వేడి ఉండగానే మూడింటికి తెచ్చి మడతపెట్టండి.

గది కాదు, పక్క వెచ్చగా ఉండాలి

నిద్రలో మీకు వేడి కావలసింది ఆరడుగుల మేర. దానికోసం గదినిండా గాలిని కాచడం దండగ. పైన ఎన్ని కప్పుకున్నా వీపు కింద చలి వేస్తోందంటే, పరుపు మీ బరువుకు అణిగి అందులోని గాలి పోయిందన్నమాట. కింద పడుకునేవాళ్ళు గచ్చుమీద గోనెపట్టా, దానిమీద చాప, దానిమీద మందపాటి బొంత వేసుకోవాలి. నవారు మంచమైతే కిందనుంచి గాలి తగలకుండా నవారు మీద ఒక దుప్పటి పరిచి తర్వాత పరుపు వేయండి.

రబ్బరు వేడినీళ్ళ సంచి ఒకటి కొనుక్కోండి. మరిగే నీళ్ళు కాదు, పొయ్యి కట్టేశాక పది నిమిషాలాగిన నీళ్ళు మూడింట రెండు వంతులు పోసి, గాలి నొక్కి తీసేసి మూత బిగించండి. తువ్వాలు చుట్టి పడుకునే పావుగంట ముందు కాళ్ళదగ్గర పెట్టండి. పసిపిల్లల పక్కలో పెట్టేటట్టయితే వాళ్ళు పడుకునే ముందే తీసేయండి. కరెంటు దుప్పటి 60 వాట్లదయితే ఎనిమిది గంటలకు అర యూనిట్టు, మూడు రూపాయలు. పెద్ద హీటరు పావుగంటకు తినేది అదే అర యూనిట్టు. దుప్పటిని మడతపెట్టి వాడొద్దు, మడతదగ్గర తీగ కాలుతుంది.

హీటరు తప్పదంటే

కొట్లో ఎవరేం చెప్పినా, రాడ్డు హీటరు, ఫ్యాను హీటరు, నూనె హీటరు మూడూ ఒక యూనిట్టుకు ఇచ్చే వేడి ఒకటే. తేడా అది ఎలా అందుతుందన్న దాంట్లోనే. ఒక్కరే కూర్చుని చదువుకుంటుంటే 400 వాట్ల ఒక్క రాడ్డు మూడడుగుల దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది, ఎందుకంటే దాని వేడి నేరుగా ఒంటికే తగులుతుంది. ముసలివాళ్ళు, పసివాళ్ళు ఉన్న గదికి థర్మోస్టాట్ ఉన్న నూనె హీటరు మంచిది. అది గది వేడెక్కాక తనే ఆగుతుంది. నిజంగా తక్కువ కరెంటుతో గదిని కాచేది వేడీ చల్లనీ రెండూ ఇచ్చే ఇన్వర్టరు ఏసీ ఒక్కటే. అది బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి ఒక యూనిట్టుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. ఎలాగూ ఏసీ కొనే ఆలోచన ఉంటే ఆ రకమే అడగండి. చల్లదనం మాత్రమే ఇచ్చేది ఇందుకు పనికిరాదు.

2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే ప్లగ్గు పిన్నుల దగ్గర నల్లబడి కరుగుతుంది. అరగంట నడిచాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. చురుక్కుమంటే ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి.

సాయంత్రం వోల్టేజి పడిపోయి 180కి వస్తే 2000 వాట్ల హీటరు 1200 వాట్లంతే పని చేస్తుంది. హీటరు పాడైందని ఇంకోటి కొనొద్దు. కరెంటూ ఆమేరకే తక్కువ తీసుకుంటోంది.

స్నానం నీళ్ళు

20 లీటర్ల బకెట్టును 15 డిగ్రీల నుంచి 42కి తేవడానికి 0.63 యూనిట్టు కావాలి. నలుగురున్న ఇంట్లో నెలకు 75 యూనిట్లు. 1500 వాట్ల రాడ్డుకు ఇది పాతిక నిమిషాల పని. గంట పెట్టి మరీ వేడిగా కాచి, తర్వాత చన్నీళ్ళు కలుపుకోవడం వల్ల లాభమేమీ లేదు. మూతలేని బకెట్టయితే ఆవిరి రూపంలో నష్టమే. గ్యాసు మీద అయితే అదే బకెట్టుకు సుమారు 75 గ్రాములు. సిలిండరు తొమ్మిది వందలైతే నాలుగున్నర రూపాయల పైమాట, అంటే కరెంటు కంటే చవకేమీ కాదు. మూత లేకుండా గంగాళం పెడితే ఇంకా ఎక్కువే అవుతుంది.

రాడ్డును నీళ్ళలో గుర్తుదాకా ముంచాకే స్విచ్చి వేయాలి. ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. ఇనప బకెట్టులో వాడొద్దు, ప్లాస్టిక్కు బకెట్టయితే రాడ్డు గోడకు ఆనకుండా మధ్యలో కర్రకు వేలాడదీయండి.

గీజరుంటే థర్మోస్టాట్‌ను 50 దగ్గర పెట్టండి. 15 లీటర్ల గీజరులో 50 డిగ్రీల నీళ్ళు, చన్నీళ్ళు కలిపితే స్నానానికి 20 లీటర్లు వస్తాయి. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిచ్చేసి ఆపేయండి. గీజరు నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతూ, లోపల గరగరమని చప్పుడు వస్తుంటే కాయిలుకు సున్నం పట్టినట్టు. విప్పించి శుభ్రం చేయించాలి.

పొద్దుటి ట్యాంకు నీళ్ళు మంచుముక్కల్లా ఉంటాయి, మధ్యాహ్నం మూడింటికి అదే నల్ల ట్యాంకు నీళ్ళు 24 డిగ్రీల దాకా రావచ్చు. ఆ వేళలో బకెట్లు నింపి, మూతపెట్టి, ఇంట్లో ఉంచుకుని పొద్దున్న వాటినే కాచుకుంటే మూడోవంతు దాకా కరెంటు మిగులుతుంది. వీలుంటే అంగుళం లోపలి వెడల్పున్న నల్ల ప్లాస్టిక్కు పైపు 40 మీటర్లు తెచ్చి డాబామీద చుట్టగా పరవండి. అందులో 20 లీటర్లు పడతాయి. ట్యాంకుకు కలిపే చోట ఒక కుళాయి, రెండో చివర ఇంకో కుళాయి. పగలు ట్యాంకు వైపు కుళాయి తెరిచే ఉండాలి, లేకపోతే వేడికి నీళ్ళు ఉబ్బి పైపు అతుకు ఊడిపోతుంది. రెండింటికి స్నానానికి పనికొచ్చే నీళ్ళు వస్తాయి. మొదటి రెండు మగ్గుల నీళ్ళు చేతిమీద పోసుకుని వేడి చూసుకున్నాకే పిల్లలకు పోయండి.